నేసా వేయని కేక

కదలకు, కదలకు తల్లీ, అని నేసా పెదాలు కదపకుండా లోపల్లోపలే అంటోంది, నిజానికి గుర్రం కదలడమే లేదు, కదులుతున్నవి దాని చెవులు రెండే, ఒకటి అడవి వైపు, ఒకటి వెనక్కి నేసా వైపు, మళ్ళీ రెండూ అడవి వైపు. కిల్‌బరా అడవంటే పేరుకే అడవి, ఈ చివరి నుంచి ఆ చివరికి పిల్లలు పరుగుపందెం పెట్టుకునేంత, లోపల నాలుగు ఓక్ చెట్లు, మిగతాదంతా నడుమెత్తు ముళ్ళతుప్ప, కానీ ఆ తుప్పలో ఎక్కడో ఒక నక్క పడుకుని ఉంది, దానికోసం అవతలి అంచున ముప్ఫై ఎనిమిది వేటకుక్కలు, వాటిని నడిపించే కోనీ, కోనీ వెనక నలభై గుర్రాలు, లిమరిక్ జిల్లాలో ఈ పక్క గుర్రమనేది ఉన్న ప్రతి రైతూ. ఇవతల ఈ దక్షిణపు మూలన మాత్రం పదమూడేళ్ళ పిల్ల ఒకతి, పద్దెనిమిదేళ్ళ ముసలి గుర్రం ఒకటి. వాన అని కూడా అనలేని వాన టోపీ అంచు మీద పోగై ముక్కు మీదికి చుక్కచుక్కగా జారుతోంది, తుడుచుకోకూడదు, మూలన నిలబెట్టినవాళ్ళు చెయ్యెత్తకూడదు, దగ్గకూడదు, గుర్రాన్ని అటూ ఇటూ తిప్పకూడదు, నక్క తొంగిచూసినప్పుడు మనిషి అలికిడి తగిలితే వెనక్కి తిరిగి కుక్కల నోట్లో పడుతుంది, అంతకంటే తలవంపులు ఇంకోటి లేదు. ఇరవై ఏళ్ళ క్రితం బాట్ క్రోనిన్ తొందరపడి కేకేసి ఆ పనే చేశాడు, ఇప్పటికీ ఉత్తరపు మూలని అందరూ బాట్ మూల అనే అంటారు, పాపం ఆయనకిప్పుడు మనవలు కూడా ఉన్నారు.

ఇంకే రోజైనా అయితే నేసా గాల్లో తేలిపోయేది. కోనీ తనంతట తాను కొరడా పిడి చాపి, అందరూ వింటుండగా, "జెర్ గారమ్మాయ్, నువ్వు దక్షిణపు మూలకి పో. నక్క బయటపడితే సగం పొలం దాటనియ్. అప్పుడు టోపీ తీసి, గుర్రం మొహం అది పోయిన దిక్కుకి పెట్టి, గొంతు చించుకుని కేకెయ్. ముందు కాదు, తర్వాతా కాదు. తెలిసిందా?" అన్నాడు. పెద్దవాళ్ళకిచ్చే పని అది, నాన్నకి పెళ్ళయ్యాక గానీ దక్కలేదు. బాట్ క్రోనిన్ వెంటనే అందుకున్నాడు, "చూస్కో మరి, పొరపాటు చేశావంటే ఆ మూలకి నీ పేరు పెట్టేస్తాం, నాకూ తోడు దొరుకుతుంది!" అని, అందరూ నవ్వారు, నేసా కూడా నవ్వింది, కానీ తను వేసుకొచ్చిన ఎత్తు వేరు. గుంపు చివర ఉండిపోవాలి, గట్ల మీంచి దూకకుండా గేట్ల వెంటా బండిదారుల వెంటా పోవాలి, ఎవరైనా అడిగితే ముసలిది కదండీ అనాలి, సాయంత్రానికి ఈ ముసలి గుర్రాన్ని, డామ్సన్‌ని, నాలుగు కాళ్ళ మీద ఇంటికి చేర్చాలి. అంతే, ఈ రోజుకి ఆమెకింకేమీ అక్కర్లేదు.

ఎడమ ముందుకాలు. మోకాలికీ డెక్కకీ మధ్య వెనకవైపు జానెడు నరం. నవంబరులో ఒకసారి అది వాచింది, అప్పటి నుంచి నేసాకి బళ్ళో పాఠం వింటున్నా, చర్చిలో మోకాళ్ళ మీద ఉన్నా, భోజనం ముందు కూర్చున్నా ఆ జానెడు నరమే కళ్ళముందు. మూడు వారాలు పొద్దునా సాయంత్రం గుర్రాన్ని వాగులోకి దింపి పక్కనే తనూ నిలబడింది, కాళ్ళు కొయ్యబారి చెప్పినట్టు వినకుండా పోయేదాకా, అమ్మ గట్టు మీంచి "గుర్రానికి నయమయ్యే లోపల నీకు నిమోనియా వస్తుందే పిల్లా" అని అరుస్తుంటే కూడా. చల్లగా ఉంటే నరం బాగున్నట్టు, చేతికి వెచ్చగా తగిలితే లోపల తెగుతున్నట్టు, ఇది నాన్న నేర్పిన లెక్క, ఇప్పుడు నేసా చెయ్యి నాన్న చేతికంటే బాగా చదువుతుంది. ఈ పొద్దున లేవగానే ముందు అదే చేసింది, గడ్డిలో మోకాళ్ళ మీద కూర్చుని అరచెయ్యి చుట్టి కళ్ళు మూసుకుంది, చల్లగా, ఎంత చల్లగా ఉందంటే ఆమెకి ఏడుపొచ్చింది. అమ్మ గుమ్మం దగ్గరి పవిత్రజలం సీసా తెచ్చి గుర్రం మొహం మీద చిలకరించింది, సగం నేసా మీద పడింది, తుడుచుకోబోతే "ఉండనీ, నీక్కూడా కావాలి" అంది.

గడ్డి లేదు. అసలు గొడవంతా గడ్డితో వచ్చింది. పోయిన వేసవిలో ఐర్లండ్ అంతటా కోసిన గడ్డి కోసినట్టే పొలాల్లో కుళ్ళిపోయింది, జూన్‌లో మొదలైన వాన సెప్టెంబరు దాకా తెరిపివ్వలేదు, నాన్న రోజూ ఆకాశం వైపు చూసి లోపలికొచ్చి బూట్లు విప్పుకునేవాడు. క్రిస్మస్ అయిన వారానికి బల్ల దగ్గర ఆ మాట అన్నాడు. "ఉన్నది ఉన్నట్టు చెప్తున్నానమ్మా. ఉన్న గడ్డి ఆవులకి పెట్టాలా, చిన్న గుర్రానికి పెట్టాలా, దీనికి పెట్టాలా? నువ్వే చెప్పు."

"నేను తినడం మానేస్తాను నాన్నా."

"నువ్వు గడ్డి తినవు కదే" అన్నాడు, అని తనే మొహం పక్కకి తిప్పుకున్నాడు. ఓడవాళ్ళకి మాత్రం అమ్మనన్నాడు, ఆ ఓడ బెల్జియం పోతుంది, ప్రాణంతో ఉన్న గుర్రాల్ని నిలబెట్టి కుక్కి తీసుకెళ్తారు, సముద్రం మీద మూడు రోజులు, దిగాక కసాయి. నాన్న ఒకసారి రేవులో చూశాడట, చూసి వచ్చాక రెండు రోజులు మాంసం ముట్టలేదట. దానికంటే వేటకుక్కలుండే కుక్కలసాల నయం, అక్కడ ముసలి గుర్రాల్ని కాల్చి కుక్కలకి మేతేసే టిమ్సీ చెయ్యి తెలిసిన చెయ్యి, తుపాకీ పెట్టాడంటే గుర్రానికి తెలిసే లోపల అయిపోతుంది. ఇన్నేళ్ళు కుక్కల వెనక పరిగెత్తిన గుర్రం చివరికి ఆ కుక్కలకే పోవడం మర్యాద, మా నాన్న గుర్రాలూ అలాగే పోయాయి, మా తాతవీ అలాగే, అన్నాడు. మర్యాద. నేసా ఆ మాటని చాలా రోజులు నోట్లో తిప్పుకుంది, మింగుడు పడలేదు. బళ్ళో సిస్టర్ బెనిగ్నస్‌ని లేచి నిలబడి అడిగేసింది, గుర్రాలకి ఆత్మ ఉంటుందా సిస్టర్ అని. ఉంటుందమ్మా, కానీ అది గుర్రంతోనే పోతుంది, కూర్చో, అంది సిస్టర్. వెనక బెంచీలో పిల్లలు కిసుక్కున నవ్వారు. గుర్రంతోనే పోయేదానికి ఆత్మ అని పేరెందుకో.

చెట్టు మీంచి కాకి ఒకటి లేచింది. నక్క కదిలి లేపిందనుకుంది నేసా, కాదు, ఉత్త కాకే, గాలికి లేచింది. అవతల అంచు నుంచి కోనీ గొంతు సన్నగా వినిపిస్తోంది, కుక్కల్ని తుప్పలోకి తోస్తున్నాడు, ఈలూ ఈలూ అంటూ, ఇంకా చాలా దూరంగా ఉన్నాడు. కుడిపక్క గుట్ట మీద రోడ్డు, రోడ్డు మీద నల్ల కారు, కారు పక్కన నిలబడి కళ్ళకి దూరదర్శిని పెట్టుకున్న మనిషి రోష్ అమ్మగారు. చనిపోయిన డాక్టరు గారి భార్య, ఇంటి చుట్టూ ముప్ఫై ఎకరాల పచ్చిక, దాన్లో ఒక్క గాడిద. చెల్లెలి కూతురికి స్వారీ నేర్పడానికి నెమ్మదైన గుర్రం కావాలట. నేసా సైకిలు తొక్కుకుంటూ తనే వెళ్ళి అడిగింది, నాన్నకి చెప్పకుండా, డబ్బేం వద్దండీ, మీరు ఉంచుకుంటే చాలండీ అని. ఆవిడ టీ ఇచ్చింది, కేకు ముక్క పెట్టింది, చివరికి, "చూడమ్మాయ్, కుంటి గుర్రాన్ని మేపడానికి నేను సత్రం నడపట్లేదు. ఒక రోజు వేటకి తీసుకురా. రోజంతా తిరిగాక సాయంత్రం కుంటకుండా నడిచొస్తే ఉంచుకుంటా. లేకపోతే లేదు. గుర్రాన్ని ఎవరైనా అలాగే పరీక్షించుకుంటారు కదా" అంది. నిజమే, ఇక్కడెవరైనా అంతే, గుర్రాన్ని లాయంలో చూసి ఎవరూ తీసుకోరు, వేటలో చూసి తీసుకుంటారు. ఇవాళ కుంటకపోతే రోష్ అమ్మగారి పచ్చిక, కుంటితే సోమవారం టిమ్సీ. మధ్యలో ఇంకో దారి లేదు, నేసా వెతికింది, రాత్రులు పడుకుని పైకప్పు చూస్తూ వెతికింది, లేదు.

చిన్నప్పుడు అవి ఇంట్లో ఉండేవి, ఆ కుక్కలు. అంటే కుక్కపిల్లలు. వేట కుక్కపిల్లల్ని ప్రతి ఏడూ రైతుల ఇళ్ళకి రెండేసి చొప్పున పంచుతారు, ఏడాది పెంచి తిరిగివ్వాలి, నేసా వాళ్ళకి గార్లండ్, గాస్పెల్ అని రెండు ఆడకుక్కపిల్లలొచ్చాయి, చెవులు నేలకి రాసుకుంటూ, అమ్మ చెప్పులన్నీ కొరికేసి, వెన్నగిన్నెలో మొహాలు పెట్టి. చలికాలం అవి డామ్సన్ గడ్డిలోనే పడుకునేవి, దాని కాళ్ళ మధ్య, కడుపు కింద, అది రాత్రంతా నిద్రలో కూడా డెక్క వాటి మీద పడకుండా నిలబడేది, పొద్దున్నే నేసా వెళ్తే మూడూ ఒకే వాసన వేసేవి. ఆ తర్వాత ఏడాదో ఏమో, ఆమెకి ఏడేళ్ళప్పుడు, నాన్న చచ్చిపోయిన ఆవుని బండి మీద కుక్కలసాలకి తీసుకెళ్తే వెంటబడి వెళ్ళింది, గార్లండ్‌ని చూడొచ్చని. సాల వెనక రేకుల షెడ్డు తలుపు తెరిచి ఉంది. లోపల కొక్కేలు, ఒక కొక్కేనికి ఏదో పెద్దది, ఎర్రగా, దాని కింద సిమెంటు మీద చక్కగా దువ్వినట్టున్న తెల్ల తోక. మారిస్ వాళ్ళ తెల్లగుర్రం తోక, నేసాకి తెలుసు, చూడగానే తెలిసింది. గార్లండ్ ఇనపచువ్వల్లోంచి నాలుక చాపి ఆమె వేళ్ళు నాకింది, ఎప్పట్లాగే, ముద్దుగా. చెయ్యి వెనక్కి తీసుకుంది నేసా. ఆ తర్వాత చాలాసార్లు ఆ కుక్కని ముద్దు చేసింది, దాని తప్పేముంది, కానీ ఆ చెయ్యి వెనక్కి తీసుకోవడం మాత్రం లోపల ఎక్కడో అలాగే ఉండిపోయింది. ఇప్పుడు అవతల తుప్పలో ఆ గార్లండే ముక్కు నేలకానించి వస్తోంది.

అప్పుడు గుర్రం గుండె కొట్టుకోవడం వినిపించింది. వినిపించడం కాదు, జీను కిందినుంచి మోకాళ్ళకి తగిలింది, ధడ్, ధడ్, ధడ్, ముందు దానికే తెలిసింది, ఎప్పుడూ ముందు దానికే తెలుస్తుంది. చెవులు రెండూ ఒక్క చోటికి గురిపెట్టింది. నేసా కళ్ళు ఆ చెవుల మధ్యలోంచి చూస్తే అక్కడ, కంచె కింద, ముందు ఏమీ లేదు, తర్వాత నక్క ఉంది. ఎలా వచ్చిందో తెలియదు, ఊరికే ఉంది, తడిసిన ఎర్రటి ఒళ్ళు, నల్ల కాళ్ళు, ఒక కాలు ఎత్తి పట్టుకుని. నేసా వైపు చూసింది. అది కూడా తొందరపడలేదు, పొలంలోకి దిగింది, కంచె వెంట కాదు, తిన్నగా, పచ్చిక అడ్డంగా, తనకి బాగా తెలిసిన పని మీద వెళ్ళేవాళ్ళలా. పావు పొలం. సగం పొలం. ఇప్పుడు. ఇప్పుడు టోపీ తియ్యాలి. కుడిచెయ్యి పగ్గాల్లోంచి విడిపోయి పైకి లేచింది కూడా, దానంతట అదే, నాన్నతో పొలంలో ఎన్నిసార్లు ఆడుకుందో ఆ ఆట, నాన్న నక్క, తను మూల కాసే మనిషి, కేక గొంతులో తయారుగా ఉంది, ఊపిరి నిండుగా ఉంది. కేక వేస్తే కోనీ బూర ఊదుతాడు, కుక్కల్ని తెచ్చి ఇక్కడే ముక్కు పెట్టిస్తాడు, నలభై గుర్రాలు ఇటు దౌడు తీస్తాయి, అందరికంటే ముందు డామ్సన్, ఎందుకంటే అది ఇక్కడే ఉంది కనక. కేక వెయ్యకపోతే? నక్క పోతుంది. కుక్కలు తుప్పంతా తిరిగి ఖాళీగా బయటికొస్తాయి. కోనీ ఉసూరుమని ఇంకో అడవికి నడిపిస్తాడు, నడక, రోడ్డు మీద నడక, చలి, చీకటి పడడం, అందరూ విసుక్కుంటూ ఇళ్ళకి. డామ్సన్ ఇంటికి. చెయ్యి మెల్లగా దిగి పగ్గాలు పట్టుకుంది. నక్క అవతలి గట్టెక్కి ఒక్క క్షణం ఆకాశానికి అడ్డంగా నిలబడి దిగిపోయింది. దేవుడా, క్షమించు, అనుకుంది నేసా, ఎవరిని గురించి అడుగుతోందో ఆమెకే తెలియదు. డామ్సన్ మాత్రం చెవులు దించలేదు, ఒళ్ళంతా సన్నగా వణుకుతోంది.

ఎంతసేపు? ఒక జపమాల మొత్తం అయ్యేంత కాదు, దాన్లో సగం. కుక్కల గొంతులు తుప్పలో ఒకటొకటిగా లేచాయి, మొదట ఒక ముసలిది గొణిగినట్టు, తర్వాత రెండు, తర్వాత సన్నగా తీగలాగే గొంతు, గార్లండ్, తర్వాత అన్నీ. అయ్యో, దొరికింది వాటికి, వాసన దొరికింది, ఎందుకు దొరకదు, అవి ముక్కులు, ఆమె నోరు కాదు మూసేస్తే మూసుకోడానికి. కంచెలోంచి గోధుమరంగూ తెలుపూ కుమ్మరించినట్టు బయటపడి మూలన గిరగిర తిరుగుతుండగా కోనీ గుర్రం తుప్పల్లోంచి దూకి వచ్చి నేసా పక్కన ఆగింది, ఆయన మొహం నిండా గీరుకున్న నెత్తురు.

"చూశావా?"

"లేదండీ."

"ఇక్కణ్ణించే పోయింది. నీ ముక్కు కిందినించి పోయింది. చూళ్ళేదూ?"

"లేదండీ" అంది నేసా మళ్ళీ, రెండోసారి అబద్ధం మొదటిదానికంటే తేలిగ్గా వచ్చింది.

కోనీ ఆమెని చూడలేదు. డామ్సన్‌ని చూశాడు, అవతలి గట్టు మీద ఒక్క చోటికి, ఆ ఒక్క చోటికే గురిపెట్టి ఉన్న చెవుల్ని చూశాడు. "నీకంటే నీ గుర్రం నయం. అది నాతో అబద్ధం చెప్పదు" అన్నాడు మెల్లగా, ఆ గట్టు వైపు కుక్కల్ని అదిలించి, బూర నోట్లో పెట్టి ఊదాడు, నక్క పోయింది పోయింది పోయింది అని ఊదే ఆ ఊదుడు, తెగి తెగి, ఊళ్ళో పడుకున్న ముసలాళ్ళు కూడా లేచి కూర్చునే ఊదుడు.

ఆపాలనే చూసింది. దేవుడి సాక్షిగా నేసా ఆపాలనే చూసింది, పగ్గాలు రెండు చుట్లు చేతులకి చుట్టుకుని, వెనక్కి వాలి, రికాబుల్లో నిలబడి, వద్దు వద్దు వద్దు అంటూ, కానీ డామ్సన్ మెడ కిందికి పెట్టి కళ్ళెం ఇనప కడ్డీని పళ్ళతో బిగించి పట్టుకుంది, ఎన్నడూ చెయ్యని పని, పసిపిల్లలు జీనెక్కితే తోకైనా ఊపని గుర్రం. పద్నాలుగు చలికాలాలు విన్న బూర అది, ఆ బూర ముందు నేసా చేతులెంత. మొదటి గట్టు, మనిషెత్తు మట్టిగట్టు, ఇటు కందకం అటు కందకం, డామ్సన్ పిల్లిలా పైకెక్కి ఒక్క క్షణం ఆగి కాళ్ళు మార్చుకుని దిగింది, కుడికాలు ముందు, కుడికాలు, ఎడమకాలు కాదు, మంచిదానివి తల్లీ, అలాగే, అలాగే. పచ్చిక, బురద, ఇంకో గట్టు. వెనక నలభై గుర్రాల డెక్కలు ఉరుముతున్నాయి, బాట్ క్రోనిన్ ఎక్కడో "ఓసి నీ ముసల్దానికి రెక్కలొచ్చాయే!" అని అరిచాడు, గాలి కళ్ళలో నీళ్ళు తెప్పిస్తోంది, రాతిగోడ, దూకింది, వాగు, దూకింది, పాల డిపో గోడ మీద కుర్రాళ్ళు టోపీలు ఊపుతున్నారు, ముందు కుక్కలు తెల్లగా ఒకే దుప్పటిలా పరుచుకుని పోతున్నాయి, ఆ పాట, ఆ అరుపుల పాట. చెప్పడానికి సిగ్గేసే మాట, కానీ నిజం, మూడు పొలాలో నాలుగు పొలాలో నేసా కాలి సంగతే మర్చిపోయింది. పూర్తిగా మర్చిపోయింది. గొంతెత్తి ఏదో అరుస్తోంది కూడా, సంతోషంతో, ఆమె కింద గుర్రం పద్దెనిమిదేళ్ళది కాదు, దానికి ఏ ఏళ్ళూ లేవు, అది తన ఇష్టంతో పోతోంది, ఒళ్ళంతా ఇష్టంతో పోతోంది, నువ్వు నన్నెక్కడ దాచిపెడతావే పిచ్చిపిల్లా అన్నట్టు. గుర్తొచ్చేసరికి గొంతు తనంతట తనే ఆగిపోయింది. ఇక చాలు, ఇక చాలు, కుక్కలు ఎక్కడో ఒక చోట తప్పిపోవాలి, వాసన పోవాలి, దేవుడా వాన గట్టిగా కురిపించు. నక్క దొరకనీ, లేకపోతే పోనీ, ఏదో ఒకటి, ఆగితే చాలు. ఆగలేదు. ఊరి పొలిమేర దాటింది, రైలుకట్ట దాటింది, నేసా ఎన్నడూ చూడని పొలాలు, పేరు తెలియని గేట్లు, వెనక గుర్రాలు ఒకటొకటిగా రాలిపోతున్నాయి, నలభైలో పది, పదిలో ఆరు, డామ్సన్ ఊపిరి ఇప్పుడు రంపం లాగినట్టు వస్తోంది, మెడ మీద తెల్లటి నురుగు, అయినా చెవులు ముందుకే.

తెలిసింది. రాళ్ళగుట్ట కింది చివరి గట్టు దిగేటప్పుడు ఎడమకాలు ముందు పడింది, శబ్దమేమీ రాలేదు, ఏదో శబ్దం వస్తుందని ఇన్నాళ్ళూ భయపడింది, ఏమీ రాలేదు, ఊరికే ఆ వైపు నేల లేనట్టు గుర్రం ఒరిగింది, లేచింది, మళ్ళీ ఒరిగింది. నేసా ఎప్పుడు దూకిందో దూకింది, బురదలో మోకాళ్ళ మీద ఉంది, ఆమె అరచెయ్యి వెళ్ళింది ఆ జానెడు చోటికి, అక్కడ పట్టుకోడానికి నరమే లేదు, మెత్తగా, వేడిగా, పొయ్యి మీది కుండలా వేడిగా. డెక్క ముందుభాగం పైకి లేచి ఉంది, కాలు పని చెయ్యడం మానేసిన కాలు ఎలా ఉంటుందో అలా. డామ్సన్ తల తిప్పి ఆమె టోపీని మూతితో తోసింది. ఎందుకు ఆగాం అన్నట్టు.

నక్క రాళ్ళగుట్టలో దూరిపోయింది, దొరకలేదు. కోనీ గుర్రం దిగి నడుచుకుంటూ వచ్చాడు, కాలు చూశాడు, ముట్టుకోలేదు, ముట్టుకోవాల్సిన పని లేదు. చేతి తొడుగులు విప్పి మళ్ళీ తొడుక్కున్నాడు. ఏడు మైళ్ళు, అన్నాడు, నేను బూర పట్టాక ఇంత దూరం ఎప్పుడూ పోలేదు. తర్వాత కుక్కల వైపు చూస్తూ, కోపం లేకుండానే అన్నాడు. "ఎవరైనా చూసి అప్పుడే కేకేసుంటే, అమ్మాయ్, వాగు దాటకముందే పట్టేసేవాళ్ళం. రెండు పొలాలు. మహా అయితే మూడు. పది నిమిషాలు ముందు పోనిచ్చారు దాన్ని. పది నిమిషాలు దొరికిన నక్క ఎక్కడిదాకానైనా పోతుంది."

రెండు పొలాలు. మొదటి గట్టు కుడికాలితో దిగింది, రెండో గట్టూ బాగానే దిగింది. అక్కడ అయిపోయేది. అక్కడ అందరూ టోపీలు తీసి చెమట తుడుచుకునేవాళ్ళు, కాళ్ళు చల్లబడేవి, బాట్ ఏదో వెటకారం ఆడేవాడు, తనూ డామ్సనూ బండిదారిన నడుచుకుంటూ ఇంటికి. తను ఇవ్వకపోతే ఆ పది నిమిషాలు ఎవరిస్తారు. తెలుసు ఆమెకి, వేట పద్ధతి పుట్టినప్పటి నుంచి తెలుసు, ఆలస్యమైతే నక్క దూరం పోతుందని మూడేళ్ళ పిల్లకి కూడా తెలుసు, ఆ క్షణం మాత్రం తెలియలేదు. నక్క ప్రాణం కాపాడింది. ఆ నక్క గురించి ఆమె ఒక్కసారి కూడా అనుకోలేదు, అది బతకాలనీ లేదు చావాలనీ లేదు ఆమెకి, కాపాడిందేమో దాన్నే. ఏడుపు కూడా రాలేదు, ఒంట్లో ఎక్కడా ఏమీ లేదు.

రోష్ అమ్మగారి కారు రోడ్డు మీద ఆగింది. ఆవిడ దిగి పొలానికడ్డంగా నడిచొచ్చింది, బూట్లు బురదయినా లెక్కచెయ్యకుండా, చాలా దూరం నడిచి. డామ్సన్ మెడ మీద చెయ్యేసి, "ఎంత గుర్రమే ఇది, ఎంత గుర్రం!" అంది, "నాకు చాలా బాధగా ఉందమ్మా" అంది, నేసా భుజం నొక్కి వెనక్కి వెళ్ళిపోయింది. నిజంగానే బాధపడింది, ఆ బాధ ఎవరికీ దేనికీ పనికిరానిది. సైకిలు మీద వేట వెంట వస్తున్న నాన్న ఎక్కడో ఏడు మైళ్ళ వెనక ఉన్నాడు, ఏ గుమ్మం దగ్గరో ఎవరు ముందున్నారని అడుగుతుంటాడు, మీ అమ్మాయే జెర్, మీ అమ్మాయే ముందు అని చెప్తుంటారు, పొంగిపోతుంటాడు.

టిమ్సీ కుక్కలసాల లారీని గేటు దగ్గర ఆపి వచ్చాడు, పొట్టి మనిషి, కోటు కుడిజేబు బరువుగా కిందికి లాగుతూ ఉంది. గుర్రాన్ని చూశాడు, నేసాని చూశాడు, టోపీ తీశాడు. "మీ నాన్న వచ్చేదాకా ఆగుదామా పాపా?" అన్నాడు.

"నొప్పిగా ఉందా దానికి?"

"ఇప్పుడు తెలీదు. ఒళ్ళు చల్లబడ్డాక తెలుస్తుంది."

"అయితే వద్దు" అంది నేసా. ఆ రోజు మొత్తమ్మీద ఆమె అనుకున్నది అనుకున్నట్టు చెయ్యగలిగింది ఆ ఒక్క మాట అనడమే. జీను విప్పింది, కట్లు వేళ్ళకి దొరక్కపోతే టిమ్సీ సాయం పట్టాడు. వీపు మీద జీను ఆకారంలో ఆవిరి లేస్తోంది. కోనీ కుక్కల్ని కూడగట్టుకుని బండిదారి వైపు మళ్ళించాడు, తుపాకీ పేలేటప్పుడు అవి అక్కడ ఉండకూడదు, బూర పొట్టిగా రెండుసార్లు ఊదాడు, ఇంటికి పదండి అని. కుక్కలన్నీ తోకలెత్తి ఆయన గుర్రం చుట్టూ చేరి నడవడం మొదలుపెట్టాయి.

డామ్సన్ తలెత్తింది. అటే చూసింది. మూడు కాళ్ళ మీద ఎగిరి ఒక అడుగేసింది, ఆ నాలుగోది గాల్లో వేలాడుతుండగా, పగ్గం పట్టుకున్న నేసాని కూడా లాక్కుంటూ ఇంకో అడుగు. "నిలబడవే, తల్లీ, నిలబడు, నీ కాళ్ళు పట్టుకుంటా" అంటోంది నేసా, రెండు చేతులతో పగ్గం లాగుతూ, బురదలో మడమలు దిగిపోతుంటే. నిలబడలేదు. కుక్కలు పోతున్నాయి, తనని వదిలేసి పోతున్నాయి, అది దానికి నచ్చలేదు.

"పోనియ్ పాపా" అన్నాడు టిమ్సీ, పక్కనే నడుస్తూ, చెయ్యి జేబులో పెట్టుకుని. "నాలుగడుగులు పోనియ్. ఎలాగూ అటే కదా."

నేసా పగ్గం వదులు చేసింది. డామ్సన్ కుక్కల వెనక ఒకటి, రెండు, మూడు అడుగులు వేసింది, చెవులు ముందుకి పెట్టుకుని, మెడ చాపుకుని, మధ్యలో ఒకసారి ఆగి ఊపిరి తీసుకుని మళ్ళీ వేసింది. గేటు దాకా పోనిస్తాడేమో అనుకుంది నేసా. ఏడో అడుగు దగ్గర టిమ్సీ దాని మొహం ముందుకి వచ్చి నిలబడి, నుదుటి మీద జూలు పక్కకి సర్ది, "ఇంక చాల్లే, అమ్మా" అన్నాడు.